బదిలీకి ఒప్పుకోని ఆటగాడు



బదిలీ అనే మాట వినని ఇల్లు మన చుట్టుపక్కల ఉండదు. చిట్టమూరు, కోట, వాకాడు వైపు నుంచి పిల్లల్ని మా దగ్గరికి పంపేవారిలో టీచర్లున్నారు, బ్యాంకు ఉద్యోగులున్నారు, సచివాలయాల్లో పనిచేసేవారున్నారు. బదిలీల కాలం వచ్చిందంటే ఖాళీల జాబితాలు, సీనియారిటీ పాయింట్లు, వెబ్ ఆప్షన్లు తప్ప ఇంట్లో ఇంకో మాట ఉండదు. కట్టుకున్న ఇల్లు, పెద్దవాళ్ల ఆరోగ్యం, పిల్లల చదువు అన్నీ ఆ ఒక్క ఉత్తర్వు మీద వేలాడుతుంటాయి. అయినా ఆప్షన్ పెట్టుకునే వీలు ఒకటి మీకుంది. ఈ నెల మేము పరిచయం చేస్తున్న మనిషికి అది కూడా లేదు. పన్నెండేళ్లు ఒకే జట్టుకు ఆడిన తర్వాత, ఒకరోజు తెల్లవారుజామున వచ్చిన ఫోన్‌లో ఆయన ఊరు మారిపోయింది.

ఆయన పేరు కర్ట్ ఫ్లడ్. అమెరికాలో బేస్‌బాల్ ఆడేవాడు. ఆటగాళ్ల బదిలీ అనగానే మీకు ముందు ఫుట్‌బాల్ గుర్తుకు రావచ్చు. క్లబ్బులు ఆటగాళ్లను కొనడం, అమ్మడం అక్కడ రోజూ వినిపించే సంగతే. ఇటలీలో లూయిజి రీవా అనే ఫుట్‌బాలర్ తనను అమ్మడానికి క్లబ్బు సిద్ధపడినా కల్యారీ వదిలి యువెంటస్‌కు రానని భీష్మించుకుని కూర్చున్నాడు. ఆయన మాట నెగ్గింది. ఫ్లడ్ మాట నెగ్గలేదు. ఓడిపోయినవాడి కథనే ఎంచుకోవడానికి కారణం చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

కర్ట్ ఫ్లడ్ 1938 జనవరి 18న టెక్సాస్ రాష్ట్రం హ్యూస్టన్‌లో పుట్టాడు. ఆరుగురు పిల్లల్లో చివరివాడు. నల్లజాతి కుటుంబం. పసితనంలోనే వాళ్లు కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌కు వలస వెళ్లారు. అమ్మా నాన్నా ఇద్దరూ ఆస్పత్రుల్లో చిన్న జీతాలకు పనిచేసేవారు. తిండికి లోటు లేదు గానీ మిగులు అన్నది ఎరగని ఇల్లు.

ఆ పిల్లవాడికి రెండు పిచ్చిలు: ఒకటి బొమ్మలు వేయడం, రెండోది బంతి. అదృష్టం ఏమిటంటే రెండింటికీ పట్టించుకునే పెద్దవాళ్లు దొరికారు. బడిలో చిత్రలేఖనం మాస్టారు కుంచె ఎలా పట్టాలో నేర్పాడు. మైదానంలో జార్జ్ పోల్స్ అనే శిక్షకుడు దొరికాడు. ఆయన తెల్లవాడు. పేద నల్ల పిల్లల్ని ఇంటికి పిలిచి అన్నం పెట్టి, ఆట నేర్పి, మనుషుల్ని మనుషులుగా చూడడం ఎలా ఉంటుందో వాళ్లకు చూపించినవాడు. ఆ ఒక్క పేట నుంచే, ఆ ఒక్క మనిషి చేతుల మీదుగా, ఫ్రాంక్ రాబిన్సన్, వాడా పిన్సన్ లాంటి పెద్ద ఆటగాళ్లు వచ్చారు. బాస్కెట్‌బాల్ దిగ్గజం బిల్ రసెల్ కూడా చిన్నప్పుడు ఆయన దగ్గర ఆడినవాడే. పేరున్న వాళ్ల జీవితాలు చదివేటప్పుడు ఇలాంటి మాస్టార్ల దగ్గర కాసేపు ఆగాలని మాకనిపిస్తుంది. ఫ్లడ్ పొట్టిగా, బక్కగా ఉండేవాడు. పెద్ద ఆటగాడు కాగలడని చూడగానే ఎవరూ అనుకోరు. పోల్స్ అనుకున్నాడు.

1956లో, పద్దెనిమిదేళ్లకు, సిన్సినాటి రెడ్స్ అనే జట్టు ఏడాదికి 4,000 డాలర్లకు అతణ్ని తీసుకుంది. శిక్షణ కోసం ఫ్లోరిడా వెళ్లాడు. జట్టు బస చేసిన పెద్ద హోటల్లోకి దర్జాగా నడిచి వెళ్తే, అక్కడివాళ్లు పక్క తలుపు నుంచి బయటికి పంపి, నల్లవాళ్ల కోసం ఊరి ఇంకో కొసన ఉన్న పూటకూళ్ల ఇంటికి టాక్సీ ఎక్కించారు. అక్కడి నుంచి నార్త్ కరోలినాలోని చిన్న జట్టుకు పంపారు. దక్షిణాది ఊళ్లలో జట్టు బస్సు భోజనానికి ఆగితే తెల్ల ఆటగాళ్లు లోపల బల్లల ముందు కూర్చునేవాళ్లు. ఇతను వెనక వంటింటి గుమ్మం దగ్గర నిలబడి పొట్లం తెచ్చుకుని బస్సులో తినేవాడు.

ఒక సంఘటన ఆయన జీవితాంతం మరిచిపోలేదు. ఆ రోజు ఒకే మైదానంలో వరసగా రెండు మ్యాచ్‌లు. మొదటిది అయ్యాక అందరూ చెమటతో తడిసిన దుస్తులు విప్పి ఒక కుప్పగా పడేశారు, ఉతికి తెస్తారని. ఫ్లడ్ కూడా తనవి అందులోనే వేశాడు. దుస్తులు చూసుకునే మనిషి పరుగున వచ్చి, ఇతని బట్టల్ని చేత్తో ముట్టుకోకుండా పొడవాటి కర్రతో ఎత్తి వేరుగా పెట్టాడు. వాటిని ఊళ్లో నల్లవాళ్ల లాండ్రీకి పంపారు. అవి తిరిగొచ్చేసరికి రెండో ఆట మొదలైపోయింది. అంతసేపూ ఆ కుర్రాడు ఒంటిమీద గుడ్డ లేకుండా గదిలో ఒక్కడే కూర్చున్నాడు. ఆలస్యంగా మైదానంలోకి వస్తే జనం కేకలేసి ఎగతాళి చేశారు. మైల, అంటు అనే మాటలకు అర్థం తెలిసిన మన ప్రాంతంలో దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. ఆ ఏడాది అతని బ్యాటింగ్ సగటు ఆ లీగ్‌లో అందరికంటే ఎక్కువ.

1957 చివర్లో చలికాలపు ఆటల కోసం వెనిజువెలాలో ఉన్నప్పుడు ఒక టెలిగ్రామ్ వచ్చింది. సిన్సినాటి జట్టు తనను సెయింట్ లూయిస్ కార్డినల్స్‌కు ఇచ్చేసిందని అందులో ఉంది. అడిగినవాళ్లు లేరు. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. ఇంకోసారి ఇలా జరగనివ్వకూడదని ఆ రోజే మనసులో గట్టిగా అనుకున్నాడు.

ఇక ఆట గురించి క్లుప్తంగా చెబుతాం. బేస్‌బాల్‌ను క్రికెట్‌కు దూరపు చుట్టం అనుకోండి. అందులో సెంటర్ ఫీల్డర్ అంటే మైదానం చివర విశాలమైన చోటును ఒక్కడే కాపలా కాస్తూ, గాల్లోకి లేచిన బంతుల కోసం పరుగెత్తేవాడు. ఫ్లడ్ ఆ చోట 1963 నుంచి 1969 దాకా వరసగా ఏడుసార్లు ఉత్తమ ఫీల్డర్ బహుమతి, గోల్డ్ గ్లవ్, అందుకున్నాడు. 1966లో మొత్తం సీజన్ ఆడి ఒక్క తప్పు కూడా చేయలేదు. 1964లో, 1967లో జట్టు దేశ విజేతగా నిలిచింది. 1968 ఫైనల్ చివరి మ్యాచ్‌లో మాత్రం ఒక బంతిని అంచనా వేయడంలో తడబడ్డాడు. అది తల మీదుగా వెళ్లిపోయింది, జట్టు ఓడింది. పన్నెండేళ్లలో పట్టిన వందల బంతుల కంటే వదిలేసిన ఆ ఒక్కటే కొందరికి గుర్తుండిపోయింది. పరీక్షలు రాసే పిల్లలకు ఈ బాధ బాగా తెలుసు.

1969లో అతని జీతం 90,000 డాలర్లు. ఆ రోజుల్లో ఆ ఆటలో అది చాలా పెద్ద జీతం. సెయింట్ లూయిస్‌లో స్నేహితులున్నారు, చిన్న వ్యాపారం ఉంది. ఊరు తనదైపోయింది.

ఆ ఏడాది అక్టోబర్ 8 తెల్లవారుజామున ఫోన్ మోగింది. చేసింది యజమాని కాదు, మేనేజర్ కూడా కాదు. కార్యాలయంలో ఒక మధ్యస్థాయి అధికారి. ఫ్లడ్‌ను, ఇంకో ముగ్గురిని ఫిలడెల్ఫియా జట్టుకు ఇచ్చేశామని, బదులుగా అక్కడి నుంచి ముగ్గురు వస్తున్నారని చెప్పి పెట్టేశాడు. తర్వాత పోస్టులో ఒక చిన్న కాగితం వచ్చింది. పన్నెండేళ్ల సేవకు వీడ్కోలు అంతే.

ఇది అప్పట్లో పూర్తిగా చట్టబద్ధం. ఆటగాళ్ల ఒప్పందంలో రిజర్వ్ క్లాజ్ అని ఒక షరతు ఉండేది. ఏడాది గడువు తీరాక జట్టు తనంతట తానే ఇంకో ఏడాది పొడిగించుకోవచ్చు. ఆ పొడిగించిన ఒప్పందంలోనూ అదే షరతు. ఇలా ఏటేటా. అంటే ఒకసారి సంతకం పెడితే ఆట మానేదాకా ఆ జట్టుదే హక్కు. జట్టు అమ్మితే కొన్నవాడిది. మన వైపు వెనకటి రోజుల్లో పాలేరు కూడా అప్పు లేకపోతే ఏడాది తిరగ్గానే ఇంకో రైతు దగ్గరికి పోగలిగేవాడు. లక్షల మంది చప్పట్లు కొట్టే ఆటగాడికి ఆ వీలు లేదు. ఉన్నవి రెండే దారులు: చెప్పిన చోటికి వెళ్లడం, లేదా ఆట మానేయడం.

ఫిలడెల్ఫియా వాళ్లు చెడ్డగా ఏమీ ప్రవర్తించలేదు. వాళ్ల అధికారి వచ్చి మర్యాదగా మాట్లాడాడు. లక్ష డాలర్లు ఇస్తామన్నారు. ఇక్కడ మిమ్మల్ని ఒక్క క్షణం ఆగమంటున్నాం. అది ఇప్పుడొస్తున్న దానికంటే ఎక్కువ డబ్బు. వయసు ముప్పై ఒకటి. ఆటగాడిగా ఇంకా మూడు నాలుగేళ్లు మిగిలి ఉండవచ్చు. నెత్తిన బాధ్యతలు, వ్యాపారంలో చిక్కులు. ఆయన మీ తమ్ముడే అయితే మీరేం సలహా ఇస్తారు? నోరు మూసుకుని వెళ్లు నాయనా అనే కదా. ఆయన శ్రేయోభిలాషుల్లో చాలామంది అదే అన్నారు.

ఫ్లడ్ ఆటగాళ్ల సంఘం నాయకుడు మార్విన్ మిల్లర్ దగ్గరికి వెళ్లి, కోర్టుకు వెళ్తానన్నాడు. మిల్లర్ అనుభవజ్ఞుడు, తియ్యటి మాటలు చెప్పే రకం కాదు. గెలిచే అవకాశం దాదాపు లేదని చెప్పాడు. సుప్రీంకోర్టు 1922లోనే బేస్‌బాల్‌ను వ్యాపార పోటీ చట్టాల నుంచి మినహాయించిందని గుర్తు చేశాడు. కేసు ఏళ్ల తరబడి నడుస్తుందని, ఈలోగా ఆట ముగిసిపోతుందని, తర్వాత కోచ్‌గా కూడా ఎవరూ పిలవరని, గెలిచినా ఫలితం తనకు కాక తర్వాతి వాళ్లకే దక్కుతుందని ఒక్కొక్కటీ విప్పి చెప్పాడు. తర్వాతి వాళ్లకైనా మేలు జరుగుతుందా అని ఫ్లడ్ అడిగాడు. జరుగుతుందన్నాడు మిల్లర్. అయితే చాలన్నాడు.

డిసెంబర్‌లో పోర్టోరికోలో జట్ల ప్రతినిధుల సమావేశం జరిగింది. నల్లవాడివి కాబట్టే ఈ పోరాటం చేస్తున్నావా అని అక్కడ ఒక ఆటగాడు అడిగాడు. తాను పడ్డ అవమానాలు తన చూపును పదునుపెట్టిన మాట నిజమే గానీ, ఈ షరతు తెల్ల ఆటగాడినీ అలాగే కట్టేస్తోందని ఫ్లడ్ జవాబు చెప్పాడు. కేసు ఖర్చు సంఘం భరించాలని ప్రతినిధులు ఏకగ్రీవంగా తీర్మానించారు. డిసెంబర్ 24న ఫ్లడ్ బేస్‌బాల్ కమిషనర్ బోవీ కూన్‌కు చిన్న ఉత్తరం రాశాడు. పన్నెండేళ్లు పనిచేశాక తనను సరుకులా కొనుక్కోవడానికీ అమ్ముకోవడానికీ ఒప్పుకోనని, మిగతా జట్లు తనను తీసుకోదలిస్తే ఆ సంగతి విని నిర్ణయించుకునే హక్కు తనకుందని అందులోని సారాంశం. మీరు మనిషి అన్నది నిజమే, అయినా ఒప్పందం ఒప్పందమే అన్న ధోరణిలో కమిషనర్ జవాబిచ్చాడు. 1970 జనవరిలో కేసు వేశారు.

పత్రికల్లో చాలామంది విరుచుకుపడ్డారు. 90,000 డాలర్లు తీసుకునేవాడికి బానిసత్వం ఏమిటని ఎద్దేవా చేశారు. జీతం ఎంతైనా, తన మీద తనకు హక్కు లేనప్పుడు పేరు మాత్రం అదేనని ఆయన వాదం. బెదిరింపు ఉత్తరాలు సంచులకొద్దీ వచ్చాయి. ఈలోపు, వెళ్లనన్న ఆటగాడి లోటు పూడ్చడానికి సెయింట్ లూయిస్ జట్టు ఫిలడెల్ఫియాకు వేరే ఆటగాళ్లను పంపింది. ఒక బస్తా తక్కువైతే ఇంకో బస్తా వేసినట్టు. ఆయన ఏ మాట మీద కోర్టుకు వెళ్లాడో దానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

1970 మేలో న్యూయార్క్ కోర్టులో విచారణ మొదలైంది. ఆటలో నల్లవాళ్లకు తలుపు తెరిచిన జాకీ రాబిన్సన్ వచ్చి సాక్ష్యం చెప్పాడు. అప్పటికే మధుమేహంతో ఆరోగ్యం బాగా దెబ్బతిని ఉంది ఆయనకు. పాతతరం ఆటగాడు హ్యాంక్ గ్రీన్‌బర్గ్ వచ్చాడు. ఒకప్పటి జట్టు యజమాని బిల్ వీక్ కూడా ఫ్లడ్ పక్షానే మాట్లాడాడు. అప్పుడు ఆడుతున్న ఆటగాళ్లలో మాత్రం ఒక్కడూ రాలేదు. తీర్మానానికి చేతులెత్తినవాళ్లు గానీ, పన్నెండేళ్లు పక్కన ఆడినవాళ్లు గానీ ఆ గదిలో వచ్చి కూర్చోలేదు. వాళ్లకూ ఉద్యోగాలున్నాయి, పిల్లలున్నారు. తప్పు పట్టడం తేలిక. ఆ ఖాళీ కుర్చీలు మాత్రం ఫ్లడ్‌ను ఓటమి కంటే ఎక్కువ బాధపెట్టాయి.

కింది కోర్టు కొట్టేసింది. అప్పీలు కోర్టూ కొట్టేసింది. 1972 జూన్ 19న సుప్రీంకోర్టు 5-3తో ఫ్లడ్‌కు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. తీర్పు చదివితే వింతగా ఉంటుంది. బేస్‌బాల్‌కు ఇచ్చిన మినహాయింపు అసంబద్ధమేనని కోర్టే ఒప్పుకుంది. అయితే ఎప్పటి నుంచో ఉన్నది కాబట్టి సరిచేయాల్సింది తాము కాదని, చట్టసభ అని తేల్చింది.

అప్పటికి ఫ్లడ్ దేశంలోనే లేడు. 1970 అంతా ఆడలేదు, కాబట్టి జీతం లేదు. అప్పులు పెరిగి, 1971లో వాషింగ్టన్ జట్టు 1,10,000 డాలర్లు ఇస్తామంటే కేసుకు నష్టం లేకుండా చూసుకుని ఒప్పుకున్నాడు. కానీ ఏడాదిన్నర ఖాళీ తర్వాత ఒళ్లు మాట వినలేదు. 13 మ్యాచ్‌లు ఆడి, ఇక నా వల్ల కాదని టెలిగ్రామ్ ఇచ్చి స్పెయిన్ విమానం ఎక్కేశాడు. మయోర్కా దీవిలో చిన్న బార్ నడిపాడు. తాగుడు అలవాటు ముదిరింది. కొన్నేళ్లకు చేతిలో ఏమీ లేకుండా ఓక్లండ్‌కు తిరిగొచ్చాడు. పేరున్న వాళ్ల కథల్లో ఈ భాగాన్ని దాటవేయడం మామూలే. దాటవేస్తే ఆయన చెల్లించిన మూల్యం ఎంతో మీకు తెలియదు.

ఇటు ఆయన విత్తింది అటు మొలకెత్తసాగింది. 1973లో ఆటగాళ్ల సంఘానికీ యజమానులకూ కుదిరిన ఒప్పందంలో ఒక కొత్త నిబంధన చేరింది. పదేళ్లు ఆడి, చివరి అయిదేళ్లు ఒకే జట్టులో ఉన్న ఆటగాడిని అతని అంగీకారం లేకుండా ఇంకో జట్టుకు పంపకూడదు. మీ సీనియారిటీ పాయింట్ల లాంటిదే అనుకోండి. ఫ్లడ్‌కు ఆ అర్హత రెండేళ్ల ఎక్కువతోనే ఉంది. ఆయన కాలానికి ఆ నిబంధనే లేదు. 1975 డిసెంబర్‌లో ఇద్దరు బౌలర్లు, అక్కడి మాటలో పిచర్లు, అదే షరతును మధ్యవర్తి ముందు సవాలు చేసి గెలిచారు. గడువు తీరిన ఆటగాడు నచ్చిన జట్టుతో మాట్లాడుకునే రోజులు వచ్చాయి. జీతాలు ఆకాశానికెక్కాయి. అవి అందుకున్న కుర్రాళ్లలో కొందరికి ఫ్లడ్ ఎవరో కూడా తెలియదు.

ఫుట్‌బాల్‌లో ఇదే మార్పు వేరే దారిలో వచ్చింది. ఇంగ్లండ్‌లో 1963లో జార్జ్ ఈస్టమ్ కేసు, 1995లో బెల్జియం ఆటగాడు బోస్మన్ కేసు క్లబ్బుల పట్టును సడలించాయి. ఇవాళ మన ఐపీఎల్‌లో కూడా ఒక జట్టు తన ఆటగాడిని ఇంకో జట్టుతో మార్చుకోవాలంటే అతను సరే అనాలి. వేలంలో ఎవరు ఎంత పలికారో గుక్కతిప్పుకోకుండా చెప్పే మీ అబ్బాయికి ఈ సంగతి కూడా చెప్పి చూడండి.

ఇంకో మాట, మమ్మల్నీ కలుపుకునే చెబుతున్నాం. ఈ సెక్షన్ నుంచి ఆ సెక్షన్‌కు, ఈ బ్రాంచి నుంచి ఆ బ్రాంచికి, ఇంటి నుంచి హాస్టల్‌కు పిల్లల్ని మార్చేటప్పుడు మంచి కోసమే మారుస్తాం. మంచి కోసమే అన్న మాట ఫ్లడ్‌కూ చెప్పారు. ఆ పిల్లకు గానీ పిల్లాడికి గానీ ఆ సంగతి మొదట ఎవరి నోటి నుంచి, ఏ పూట తెలిసిందో మనలో ఎంతమందికి గుర్తుంది?

ఓక్లండ్‌లో ఫ్లడ్ మెల్లగా కోలుకున్నాడు. 1978లో అక్కడి జట్టుకు రేడియో వ్యాఖ్యాతగా కొంతకాలం పనిచేశాడు. పేటలోని పిల్లల ఆటల కార్యక్రమాలు చూసుకున్నాడు, ఒకప్పుడు పోల్స్ తనకు నేర్పిన ఊళ్లోనే. తాగుడు మానేశాడు. 1986లో నటి జూడీ పేస్‌ను పెళ్లాడాడు. చివరి పదేళ్లు నెమ్మదిగా, మర్యాదగా గడిచాయి. తర్వాత గొంతు క్యాన్సర్ వచ్చింది. ఎదిరించి మాట్లాడినందుకు పేరు పడిన మనిషికి చివరి రోజుల్లో మాట పోయింది. 59వ పుట్టినరోజు అయిన రెండో రోజు, 1997 జనవరి 20న, లాస్ ఏంజెలిస్‌లో కన్నుమూశాడు.

మరుసటి ఏడాది అమెరికా చట్టసభ, పాతికేళ్ల కిందట సుప్రీంకోర్టు వదిలేసిన పనిలో కొంత పూర్తి చేసింది. పెద్ద లీగ్ ఆటగాళ్ల ఉద్యోగ వ్యవహారాల్లో బేస్‌బాల్‌కున్న మినహాయింపును తొలగిస్తూ చేసిన చట్టానికి కర్ట్ ఫ్లడ్ చట్టం అనే పేరు పెట్టింది. 1998 అక్టోబర్‌లో అధ్యక్షుడు క్లింటన్ దాని మీద సంతకం చేశాడు. అంతకుముందు ప్రతినిధుల సభలో ఈ విషయం మీద పెట్టిన బిల్లుకు 21 అనే నంబర్ ఇచ్చారు. అది ఆయన చొక్కా వెనక ఉండే అంకె.

2015లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ తమ మేటి ఆటగాళ్ల గౌరవ జాబితాలో ఆయన పేరు చేర్చారు. తెల్లవారుజామున ఫోన్ చేయించిన జట్టు అదే.